తాళం పడిన గేటు

కథ ఎక్కడ ఆగిందో గుర్తున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి, మరిచిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకోక తప్పదు. పొద్దున్నే నేను కలప షెడ్డులో రంపానికి పదును పెడుతుంటే రోడ్డుకి అవతల, మా చెట్ల జాగాలో, వాగు వైపు తుపాకి పేలింది. బయటికొచ్చి చూస్తే గేటు లోపల ఎవరిదో పాత జీపు ఆగి ఉంది, అందులో మనిషి లేడు. నేను పోలీసులకి ఫోన్ చేస్తూ ఉండగానే మా తమ్ముడు రోడ్డు దాటాడు. వాడు రైల్వే స్టేషన్‌లో టిక్కెట్లు ఇస్తాడు, సెలవుకి ఇక్కడికొచ్చి మాకు చట్టాలు చెబుతాడు, అందుకని ఇంట్లో వాడి పేరు ప్లీడరు. మా ప్లీడరు గేటు లోపలికి వెళ్ళి, తన వెనకే గేటు మూసి, బజారు నుంచి తెచ్చిన కొత్త తాళం వేసి, చెవి జేబులో పడేసుకున్నాడు. "ఇప్పుడెలా పోతారో నేనూ చూస్తాను. ఫోటోలు తీసి సాక్ష్యం పట్టుకొస్తా," అని చెట్లలోకి నడిచాడు. తుపాకి ఉన్నవాళ్ళని లోపలేసి, వాళ్ళతోపాటు తనూ లోపలే ఉండిపోయినవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

ఫోన్‌లో పోలీసాయన మర్యాదగానే మాట్లాడాడు. "వస్తున్నాం. మేమొచ్చేదాకా మీరు లోపలికి వెళ్ళకండి. వాళ్ళతో గొడవ పెట్టుకోకండి. వీలైతే బండి నంబరు దూరం నుంచి చూసి పెట్టుకోండి," అన్నాడు. ఇవన్నీ నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన మాటలే. ఆయన కంటే ముందు మా నాన్న చెప్పాడు, ఆయన కంటే బాగా చెప్పాడు.

షెడ్డు తలుపు పక్కన మేకుకి నాన్న ఎర్ర స్వెట్టర్ ఇంకా వేలాడుతూనే ఉంది. తీసి వేసుకున్నాను. చేతులు నా వేళ్ళు దాటి కిందికి జారాయి. మోచేతుల దగ్గర మా అత్తయ్య, అంటే నాన్న అక్క, వేరే ఛాయ ఎరుపు ఊలుతో వేసిన కుట్లు, మెడ దగ్గర రంపపు పొట్టు వాసన. మనిషి పోయి రెండు చలికాలాలు గడిచినా ఆ వాసన పోలేదు.  ఏడవడానికి అది సమయం కాదు కాబట్టి స్వెట్టర్ చేతులు పైకి మడుచుకున్నాను.

మా నాన్న తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి. రోడ్డుకి అవతల రాళ్ళూ ముళ్ళూ తప్ప ఏమీ లేని ఏటవాలు జాగా ఎవరికీ అక్కర్లేకపోతే తను తీసుకుని, కలప కోసం చెట్లు వేశాడు. చెట్లు పెరిగాయి. కొట్టడానికి మనసొప్పలేదు. జన్మంతా కలప బయట కొనుక్కొచ్చి తలుపులు చేశాడు. పని చేయించుకునేవాళ్ళు నవ్వేవాళ్ళు, "ఎదురుగా అడవి పెట్టుకుని బజారుకెళ్తావేంటయ్యా," అని. "అవి నా పిల్లలతోపాటు పెరిగాయి. వీళ్ళని కొయ్యమంటే కొయ్యగలనా," అనేవాడు. చెట్లు చిక్కబడ్డాక వాటిలోకి కుందేళ్ళొచ్చాయి, అడవిపందులొచ్చాయి, దుప్పులొచ్చాయి. వాటి వెనకే, అడగకుండానే, తుపాకులవాళ్ళూ వచ్చారు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఎరుపు మొదలైంది. చెట్లలోకి అడుగు పెట్టాలంటే ఒంటి మీద ఎర్రది ఒకటి ఉండాల్సిందే. నాకూ తమ్ముడికీ అత్తయ్య ఎర్ర ఊలు టోపీలు అల్లింది. అవి నెత్తిన పెట్టుకుని బడికి కూడా వెళ్ళేవాళ్ళం, ఎందుకంటే తీస్తే ఎక్కడో పారేస్తాం. బడిలో మమ్మల్ని మిరపకాయలు అని పిలిచేవాళ్ళు. ఊలు దుకాణంవాడు అత్తయ్యని చూడగానే ఏ రంగు అని అడక్కుండా ఎర్ర ఉండలు బల్ల మీద పెట్టేవాడు. ఉతికిన రోజున మా దండెం రోడ్డు మీద పోయే బస్సులోవాళ్ళకి కూడా కనబడేది.

రెండోది పాట. చెట్లలో నడిచినంతసేపూ నాన్న గొంతెత్తి పాడేవాడు. మనిషి ఉన్నాడని దూరానికి తెలియాలి, నక్కి నక్కి నడిచేవాణ్ణి ఎవడైనా జంతువే అనుకుంటాడు అనేవాడు. ఆయనకి ఒకే పాట వచ్చు, అందులోనూ మొదటి లైను ఒక్కటే వచ్చు.

"వాన వెలిసింది, దారి తెలిసింది, ఇంటికి నడవరా తమ్ముడా."

ఎండలు మండుతున్నా అదే. నాన్నకి అసలు తమ్ముళ్ళే లేరు. రెండో లైను ఏమిటి నాన్నా అని అడిగితే, "అప్పటికి నిద్రొచ్చేసిందే," అనేవాడు. చిన్నప్పుడు మావాడు ఆ పాట తన గురించే అనుకుని మురిసిపోయేవాడు. మీసాలొచ్చాక అదే పాటకి సిగ్గుపడి, చెట్లలోకి వెళ్తే నాన్నకి బాగా వెనకగా నడిచేవాడు.

మూడోది గేటు. దానికి ఎప్పుడూ తాళం వేయలేదు. గొళ్ళెం ఉంది, తాళం లేదు. తాళం వేస్తే వచ్చేవాడు రాక మానడు, కంచె దూకి మనకి కనబడని చోటు నుంచి వస్తాడు, గేటులోంచి వస్తే కనీసం చూస్తాం అనేది నాన్న వాదన. ఎవరైనా తుపాకితో లోపల ఉన్నారని తెలిస్తే దూరం నుంచే పలకరించేవాడు. చేతులు రెండూ బయటికి కనబడేలా ఉంచుకునేవాడు. మనిషికీ అతని బండికీ మధ్య ఎప్పుడూ నిలబడేవాడు కాదు. చలి గురించి మాట్లాడేవాడు, దారి గురించి మాట్లాడేవాడు, ఆ తర్వాత, "ఇది మా జాగా బాబూ, పిల్లలు తిరుగుతుంటారు," అనేవాడు. చాలామంది తల దించుకుని వెళ్ళిపోయేవాళ్ళు. వెళ్ళనివాళ్ళతో వాదించకుండా తనే వెనక్కి వచ్చేసి పోలీసులకి చెప్పేవాడు. ఇంత మెతక ఏమిటని తమ్ముడు రుసరుసలాడితే, "పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందిరా. తుపాకి ఉన్నవాడికి పోయే దారి వదిలి మాట్లాడాలి," అని నవ్వేవాడు.

నాన్నకి ఎడమకాలు కుంటి. నిచ్చెన మీంచి పడ్డాడు. ఆ నిచ్చెన షెడ్డు గోడకి అడ్డంగా వేలాడుతూ ఉండేది. దాని పక్క నుంచి వెళ్ళేటప్పుడల్లా నాన్న దాన్ని తిట్టేవాడు, మేమిద్దరం ఆయన తరఫున దాన్ని అరచేతులతో కొట్టేవాళ్ళం. అత్తయ్య మాత్రం ఆ ఆటలో ఎప్పుడూ నవ్వలేదు. ఆవిడకి నవ్వు రాదు కాబోలు అనుకున్నాను, అప్పటికి నాకు తెలిసింది అంతే.

స్వెట్టర్ వేసుకుని రోడ్డు మీదికి వచ్చేసరికి అత్తయ్య కర్ర పట్టుకుని, ఎర్ర శాలువా కప్పుకుని నిలబడి ఉంది.

"ఎక్కడికే?"

"గేటు దాకా. లోపలికి వెళ్ళను. వాళ్ళు వెనక్కి వచ్చి తాళం చూస్తే ఏం చేస్తారో అని భయంగా ఉంది అత్తయ్యా. వీడు వాళ్ళకి ఎదురుపడితే ఇంకా భయం."

"ఫోన్ చేశావా వాడికి?"

"చేశాను, కలవట్లేదు. వాగు దగ్గర సిగ్నల్ ఉండదుగా."

"ఆ వెధవకి నోరు ఉంది, గొంతు లేదు. పాడుకుంటూ పొమ్మంటే పరువు పోతుందట," అంటూ నా ముందే నడిచింది. ఆ వయసులో ఆవిడని ఆపాలని చూడటం దండగ.

మేం గేటు దగ్గరికి చేరేసరికి లోపల నుంచి ఇద్దరు వస్తున్నారు. ముందు ఒక పెద్దాయన, తెల్లటి గడ్డం, చేతుల్లో ఏమీ లేదు. వెనక ముప్పై ఏళ్ళవాడు, తుపాకి చంకలో పెట్టుకుని, గొట్టం ఎటు తిరుగుతోందో పట్టించుకోకుండా నడుస్తున్నాడు. తమ్ముడు వాళ్ళతో లేడు. నా ప్రాణం సగం కుదుటపడి, మిగతా సగం ఇంకా వాగు దగ్గరే ఉండిపోయింది.

కుర్రవాడు తాళం చూశాడు. చేత్తో ఒకసారి లాగి చూశాడు. తర్వాత మమ్మల్ని చూశాడు.

"ఎవరు వేశారిది?"

గేటుకి ఎదురుగా ఉన్న నేను కొంచెం పక్కకి జరిగాను. చేతులు రెండూ గేటు పైకర్ర మీద పెట్టాను.

"మా తమ్ముడండీ. తొందరపడ్డాడు. తీసేస్తాం."

"తియ్యండి మరి."

"చెవి వాడి దగ్గరుంది. వాడు లోపలే ఉన్నాడు. మీకు కనబడలేదా?"

"కనబడలేదు. అంటే మమ్మల్ని లోపలేసి పోలీసుల్ని పిలిచారన్నమాట," అన్నాడు. అతని మెడ మీద నరం లేచింది. "మావయ్యా, చూశావా? మంచికి పోతే ఇలాగే ఉంటుంది. నేను కాలితో తన్ని తీస్తా దీన్ని."

మాట్లాడుతూ ఒళ్ళంతా తిప్పాడు, ఒంటితోపాటు తుపాకి తిరిగింది. గొట్టం అత్తయ్య మోకాళ్ళ మీదుగా నా నడుం దాకా వచ్చి ఆగింది. కావాలని చేయలేదు, అది నాకు తెలుస్తూనే ఉంది. కావాలని చేయనివే ఎక్కువ ప్రమాదం అని నాన్న అనేవాడు.

"పోలీసులకి చెప్పాను బాబూ, అబద్ధం ఆడను. పొద్దున్నే తుపాకి శబ్దం వింటే మీ ఇంట్లోవాళ్ళయినా చెప్తారు. కానీ మిమ్మల్ని ఇక్కడ ఆపాలని నాకు లేదు, గేటు తీసి ఇస్తాను. ముందు ఆ గొట్టం కాస్త నేలకి దించండి. మా అత్తయ్యకి భయం."

"నాకు భయమని నేనెప్పుడన్నాను?" అంది అత్తయ్య.

"ఆవిడకి లేదట. నాకుంది," అన్నాను.

పెద్దాయన మీసాల్లో ఏదో కదిలింది. వెనక్కి తిరిగి, గొంతు పెంచకుండా, "విరువు దాన్ని," అన్నాడు. అల్లుడు గొణుగుతూ తుపాకిని మధ్యకి విరిచి, లోపలి తూటాలు తీసి ఆయన చేతిలో పెట్టాడు. విరిచిన తుపాకిని అలాగే జీపు బానెట్ మీద పడుకోబెట్టాడు. 

ఇక గేటు సంగతి. తాళం పడింది ఒక పక్కన. రెండో పక్కన గేటు గుంజకి కొట్టిన ఇనుప మేకుల మీద కూర్చుని ఉంటుంది, అంతే. కలప లోడు వచ్చినప్పుడు మొత్తం గేటునే ఎత్తి పక్కన పెట్టేలా నాన్న అలా చేశాడు. తాళం మీద అంత నమ్మకం పెట్టుకున్న మా ప్లీడరు, చిన్నప్పటి నుంచి చూస్తున్న గేటుని ఎన్నడూ సరిగ్గా చూడలేదు. నేను కీళ్ళ పక్కకి వచ్చి అడుగు కర్ర పట్టుకుని పైకి లాగాను. కదల్లేదు. మళ్ళీ లాగాను.  రోజూ తలుపులు బిగించే చేతులు, నా గేటు నాకే రావడం లేదు.

"చీల తియ్యలేదమ్మా నువ్వు," అన్నాడు పెద్దాయన.

నేను గేటు వదిలి ఆయన వైపు తిరిగాను.

"పై కీలు వెనకాల చెక్క చీల ఉంటుంది. ముందు అది లాగాలి. కుడిచేత్తో రాదు, ఎడమచేత్తో పట్టుకో. మీ నాన్నది ఎడమచేతివాటం కదా."

కంగారులో నేనే మరిచిపోయిన ఆ చీల సంగతి మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. కీలు వెనక కన్నంలో, గుంజ రంగులోనే, వేలితో తడిమితే తప్ప దొరకదు. గేటుని బయటివాళ్ళు ఎత్తుకుపోకుండా నాన్న పెట్టిన గుట్టు అది. నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ నన్ను చూడటం లేదు.

"గొంతు ఎక్కడో విన్నానని ఇందాకటి నుంచి అనుకుంటున్నాను. నువ్వా," అంది.

"నేనే అక్కయ్యా. గడ్డం పెరిగింది, అంతే."

"పెరిగింది గడ్డమొక్కటేనా. మనిషివే సగం అయ్యావు," అంది అత్తయ్య. ఆ మాట తిట్టులా మొదలై ఇంకేదోలా ముగిసింది.

ఎడమచేత్తో చీల లాగాను, వచ్చేసింది. లోపల నుంచి మామా అల్లుళ్ళు, బయట నుంచి నేను, ఒక్క పట్టు పట్టి గేటు లేపి, తాళం మీదే తిప్పి పొదకి ఆనించాం. దారి బార్లా తెరుచుకుంది. నేను పూర్తిగా పక్కకి జరిగి నిలబడ్డాను. వాళ్ళు జీపెక్కి వెళ్ళిపోవచ్చు. అల్లుడు ఎక్కబోయాడు కూడా. పెద్దాయన కదల్లేదు, ఖాళీ గుంజ మీద చెయ్యి వేసి ఆ మేకుల్ని తడుముతున్నాడు.

"మా గేటు మీకెలా తెలుసండీ?" అన్నాను.

ఆయన అత్తయ్యని చూశాడు. అత్తయ్య దారి పక్కన రాయి మీద కూర్చుని కర్ర ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పు. వాడే పోయాడు, ఇంకెవరి కోసం దాచడం," అంది.

"ఈ గేటు మీ నాన్నా నేనూ కలిసి ఎక్కించాం తల్లీ," అన్నాడాయన. "అంతకుముందు ఏడాది, ఇలాంటి చలికాలమే, నేనూ మా తమ్ముడూ కంచె దూకి వచ్చాం. చెప్పకుండా, అడక్కుండా. తుపాకి వాడి చేతిలో ఉంది. మంచు పట్టి ఉంది. వాగు గట్టున మట్టిరంగుది ఏదో వంగి కదిలింది. దుప్పి అనుకున్నాడు వాడు. నేనూ అలాగే అనుకున్నాను, చెయ్యి పట్టుకుని ఆపలేదు." గుంజ మీది మేకుని బొటనవేలితో రుద్దాడు. "మీ నాన్న కోటు మట్టిరంగుది. మొక్కకి పాదు చేసుకుంటున్నాడు."

నాకు షెడ్డు గోడ మీది నిచ్చెన గుర్తొచ్చింది. ఏళ్ళ తరబడి ఏ పాపమూ ఎరగని నిచ్చెనని పట్టుకుని కొట్టాం.

"ఎడమకాలు," అన్నాను.

"ఎడమ తొడ. మా తమ్ముడు తుపాకి అక్కడే పారేసి పరిగెత్తాడు. నేనూ పరిగెత్తేవాణ్ణేమో, మీ నాన్న నీళ్ళు అడిగాడు. భుజానికెత్తుకున్నాను. ఇదంతా ముళ్ళదారి అప్పుడు. కళ్ళు మూతలు పడుతుంటే నిద్రపోనివ్వకూడదని పాడుతూ మోశాను. నాకొచ్చింది ఒక్కటే పాట. మా అమ్మ పోయాక తమ్ముణ్ణి నేనే పెంచాను, వాడు అలిగి చెట్టెక్కి కూర్చుంటే కింద నిలబడి పాడేవాణ్ణి."

పాట ఏమిటని నేను అడగలేదు. ఆయనే అన్నాడు, పాడకుండా, ఒట్టి మాటల్లా. "వాన వెలిసింది, దారి తెలిసింది, ఇంటికి నడవరా తమ్ముడా."

"మా నాన్నకి రెండో లైను రాదు," అన్నాను. 

"ఎలా వస్తుందమ్మా. మొదటి లైనే మళ్ళీ మళ్ళీ పాడాను. రెండోది ఎత్తుకునేసరికి స్పృహ తప్పాడు."

అప్పటికి నిద్రొచ్చేసిందే. నాన్న ఎన్నిసార్లు అన్నాడో ఆ మాట. నవ్వుతూ అనేవాడు, మేమూ నవ్వేవాళ్ళం. ఇప్పుడు రోడ్డు పక్కన నిలబడి, ఆయన స్వెట్టర్ చేతులు కిందికి లాగి వాటితో కళ్ళు తుడుచుకున్నాను. చేతులు పొడుగున్నందుకు అప్పుడు పనికొచ్చాయి.

అత్తయ్య మిగతాది చెప్పింది. ఆసుపత్రిలో డాక్టరుకి విషయం దాగలేదు, కానీ కేసు వద్దని నాన్నే పట్టుబట్టాడు. "తెలిసి కొట్టినవాళ్ళు మోసుకొస్తారా అన్నాడు. పిల్లలకి మాత్రం నిచ్చెన అని చెప్పమన్నాడు. నిజం చెప్తే చెట్లంటే భయం పట్టుకుంటుందట. నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అప్పటి నుంచి ఎరుపు అల్లుతూనే ఉన్నాను," అంది.

"కాలు కుదిరాక నాకు కబురు పెట్టాడు," అన్నాడు పెద్దాయన. "ఇద్దరం కలిసి ఈ గుంజలు పాతాం. దొంగదారిన రావద్దు, వస్తే గేటులోంచి, కనబడేలా రా అన్నాడు. తాళం తెస్తానంటే వద్దన్నాడు. ఆ రోజు పారిపోయిన నీ తమ్ముడు మీ ఇంటికి రావడానికి సిగ్గుపడి, ముందు ఇక్కడికే వస్తాడేమో, వాడికి మూసిన గేటు కనబడకూడదు అన్నాడు. మా తమ్ముడు మాత్రం ఈనాటికీ రాలేదు. నేనూ తుపాకి ముట్టుకోలేదు. ఈ జాగాలో ఎవరూ పేల్చకుండా చూస్తానని మీ నాన్నకి మాటిచ్చాను."

నాకు ఆ మాట దగ్గర ఏదో తట్టింది. "మరి ఇందాక?"

"అందుకే వచ్చాం. కొన్నాళ్ళుగా ఇటు శబ్దాలు వినబడుతున్నాయని బజార్లో అంటే, మీకు చెబుదామని. ఎందుకైనా మంచిదని వీడు తుపాకి తెచ్చాడు, వద్దన్నా వినడు. నీకు తలుపు కొట్టి చెప్పి లోపలికి రావాల్సింది, తప్పే. జీపు దిగి నాలుగడుగులు వేశామో లేదో పేలింది. వెతికాం, ఎవరూ దొరకలేదు."

"మాది ఒక్క తూటా కూడా ఖర్చవలేదండీ," అన్నాడు అల్లుడు. ఇప్పుడు అతని గొంతులో పొగరు లేదు.

అత్తయ్య ఉన్నట్టుండి కర్ర నేలకి ఆనించి లేచింది.

"నీ తమ్ముడు ఏం వేసుకుని వెళ్ళాడే?"

"చలిగా ఉందని పెట్టెలోంచి నాన్న కోటు తీసుకున్నాడు. ఎరుపు వేసుకోరా అంటే వాళ్ళకి కనబడకుండా ఫోటోలు తీయాలి అన్నాడు."

"ఏ కోటు?"

చెప్పబోయి ఆగాను. తొడ దగ్గర కుట్టు వేసి ఉన్న కోటు. మేకు తగిలి చిరిగిందని ఇన్నాళ్ళూ అనుకున్న కుట్టు. మట్టిరంగు కోటు. అత్తయ్య నా మొహంలోనే చదువుకుంది. నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ అరచెయ్యి చల్లగా ఉంది.

అప్పుడు వాగు వైపు మళ్ళీ పేలింది.

మేం నలుగురం ఒకేసారి బానెట్ వైపు చూశాం. విరిచిన తుపాకి అలాగే పడుకుని ఉంది. తూటాలు పెద్దాయన పిడికిట్లో ఉన్నాయి.

నేను లోపలికి పరిగెత్తబోయాను. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"పరిగెత్తకు. పొదలు కదిలితే చాలు, ఎవడో తెలియదు. దారి మధ్యలో నిలబడు, ఆ ఎరుపు కనబడనీ. పాడు."

"నాకు..."

"పాడు తల్లీ. మీ నాన్న పాడినట్టే. మీవాడు వింటే ఉన్నచోటే నేల మీద పడుకుంటాడు. పేల్చేవాడు వింటే మనుషులున్నారని ఆగుతాడు."

గేటు లేని దారి మధ్యలో నిలబడ్డాను. చిన్నప్పుడు బడి ముందు నాన్న ఈ పాట ఎత్తుకుంటే నేనూ సిగ్గుపడి చెవులు మూసుకున్నదాన్నే. ఇప్పుడు మొత్తం ఊపిరి పెట్టి పాడాను. మొదటిసారి గొంతు చీలింది. రెండోసారి నిలబడింది.

"వాన వెలిసింది, దారి తెలిసింది, ఇంటికి నడవరా తమ్ముడా."

చెట్ల మీంచి పిట్టలు లేచి మళ్ళీ కూర్చున్నాయి. వాగు వైపు నుంచి ఏ శబ్దమూ లేదు. తమ్ముడూ, ఒక్క కేక వెయ్యరా, ఈ జన్మలో నిన్ను ప్లీడరు అనను అని లోపల మొక్కుకున్నాను. మూడోసారి పాడటానికి నోరు తెరిచాను.

నేను పాడక ముందే చెట్లలోంచి జవాబు వచ్చింది. బొంగురు గొంతు, వయసు మళ్ళిన గొంతు, చాలాకాలంగా ఎవరితోనూ మాట్లాడనట్టు ఆగి ఆగి వస్తోంది.

"దీపం వెలిగింది, అమ్మ పిలిచింది, అలకలు మానరా తమ్ముడా."

మా ఇంట్లో ఎవరికీ రాని రెండో లైను అది. అది మా తమ్ముడి గొంతు కాదు. పక్కన పెద్దాయన పిడికిలి వదులై తూటాలు నేల మీదికి దొర్లాయి. ఆయన వాటి వైపు చూడలేదు.

"మా తమ్ముడు," అన్నాడు.